ముదిమికి రెండవ రక్ష

పుష్యమాసపు తెల్లవాఱుజామున లంబసింగి చూడబోవువారు నర్సీపట్నము దాటి ఘాటు దారి పట్టుదురు. సముద్రమట్టమునకు సుమారు 1000 మీటర్ల యెత్తుననున్న యీ గ్రామము అల్లూరి సీతారామరాజు జిల్లాలో చింతపల్లి మండలమునకు చేరినది. కొన్ని యేండ్లలో ఉష్ణము సున్న డిగ్రీల దాపునకు దిగుటచేత పత్రికలవారు దీనిని ఆంధ్ర కాశ్మీరమందురు. అచ్చటివారు మాత్రము కొర్రబయలందురు. రాత్రి బయట నిలిచినవాడు తెల్లవాఱుసరికి కొయ్యవలె బిగిసిపోవునని దాని భావమట. ఆ పేరు పెట్టినవారికి చలి వేడుక కాదని మనము గ్రహింపవలసియున్నది.

2025 సంక్రాంతికి ముందు మేమును ఆ వేడుక చూడబోయితిమి. మాతో వచ్చిన మిత్రులకు 73 యేండ్లు. ఒక ప్రైవేటు కళాశాలలో ముప్పదియేండ్లు తర్కశాస్త్రము బోధించి విశ్రమించినవారు. ప్రభుత్వోద్యోగి కామిచేత వారికి పింఛనును లేదు, ఉద్యోగుల ఆరోగ్య పథకమును లేదు. కుమారుడు అమెరికాలో నున్నాడు. అతడు రెండేండ్ల క్రిందట తలిదండ్రుల పేర ఒక ఆరోగ్య బీమా పాలసీ కొని యేటేట ప్రీమియము కట్టుచున్నాడు. 2024 అక్టోబరు 29న కేంద్రప్రభుత్వము డెబ్బదియేండ్లు నిండినవారి కందఱికిని, ఆదాయముతో నిమిత్తము లేకుండ, ఆయుష్మాన్ భారత్ పథకము క్రింద సాలునకు అయిదు లక్షల రూపాయల వైద్యరక్ష కల్పించెను గదా! ఇరుగుపొరుగువారి ప్రోద్బలముచే మిత్రులు ఆ కార్డును కూడ తీసికొనిరి. “తలుపునకు తాళము వేసి, ఆ పైని గొళ్లెము పెట్టినట్లున్నది మా స్థితి” అని దారిలో నవ్వుచు చెప్పిరి.

ఆనాటి సాయంకాలము బాటప్రక్కనున్న చిన్న టీ దుకాణమునొద్ద నెగడు చుట్టును కూర్చుంటిమి. మిరియములును రాజ్మా గింజలును తాటాకు బుట్టలో పెట్టుకొని అమ్ముచున్న ఒక బగత వృద్ధురాలు మా ప్రక్కనే చలి కాచుకొనుచుండెను. ఆమె గూడెము బాటనుండి మూడు కిలోమీటర్లు లోపల నున్నదట. మాటలలో మిత్రులు తమ కార్డు తీసి చూపి, “నీకును ఇటువంటిది ఉన్నదా, అవ్వా?” అని అడిగిరి. ఆమె కొంగు ముడి విప్పి, పాలిథీను సంచిలో పదిలపఱచిన ఆధార్ కార్డు తీసి చూపెను. దానిలో ఆమె వయస్సు 66. వెంటనున్న పెద్దకొడుకు కార్డులో 55! పదునొకండవ యేట ఆమె తల్లి యయ్యెనని ప్రభుత్వపు లెక్క. జన్మపత్రిక లేనివారికి ముఖము చూచి వయస్సు వేసిన గుమాస్తా ఆనాడు తొందరలో నుండెను కాబోలు. డెబ్బదియేండ్ల రక్షకు ఆధార్‌లోని వయస్సే ప్రమాణము గనుక, తన ముదిమిని నిరూపించుకొనుటకు ఆమె మఱి నాలుగేండ్లు బ్రతుకవలెను.

ఆమెకు రక్ష యేమియు లేదని దీని భావము కాదు. బీద కుటుంబముల కొఱకు 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ ఆమె యింటికిని వర్తించును. ప్రభుత్వములు మాఱినప్పుడెల్ల ఆ పథకము పేరు మాఱినది, ఇప్పుడది ఎన్.టి.ఆర్. వైద్యసేవ. పల్లెలలో మాత్రము నేటికిని ఆరోగ్యశ్రీయే. ఆమెకు తప్పిపోయినది రెండవ రక్ష. పేద కుటుంబములోని వృద్ధునకు, కుటుంబముతో పంచుకొన నక్కఱలేని వేఱొక అయిదు లక్షలు ప్రత్యేకించి ఇచ్చుట 2024 నాటి యేర్పాటులోని మేలైన భాగము. కోడలి కాన్పునకో మనుమని శస్త్రచికిత్సకో ఇంటి సొమ్ము కర్చయిపోవునని ముసలివారు తమ నొప్పిని దాచుకొనుట మనదేశమున తఱుచు. ఆ దాపఱికమునకు మందు వేయదలచిన ఆ నియమము ఆమె గడప తొక్కలేదు.

“కార్డుంటే మాత్తరం ఏటి బాబూ! మా ముసిలోడికీ ఉన్నాది కార్డు. డోలీ కట్టి మోసుకెల్తంటే దారిలోనే పానం పోనాది” అని ఆమె చెప్పెను. అంతటితో ఆమె సంచి కట్టుకొని లేచెను. చీకటి పడకముందు గూడెము చేరవలెను గదా!

ఆ రాత్రి మూడు గంటల వేళ మిత్రులకు గుండెలో నొప్పి పుట్టెను. మంచులో కారు దీపములు నాలుగు గజములు మించి వెలుగుట లేదు. డ్రైవరు ప్రాణములు పిడికిట బట్టుకొని ఘాటు దింపెను. నర్సీపట్నమున ప్రథమచికిత్స చేయించి, తెల్లవాఱిన పిమ్మట విశాఖపట్టణము చేరితిమి. గుండెకు రక్తము కొనిపోవు నాళమొకటి మూసికొనిపోయినదనియు, స్టెంటు వేయవలెననియు డాక్టర్లు చెప్పిరి. అప్పుడు బల్లవెనుక కూర్చున్న గుమాస్తా మమ్మడిగిన మొదటి ప్రశ్న, “కార్డా, పాలసీయా?” అని.

గొళ్లెమును తాళమును ఏకకాలమున వేయవచ్చునని నమ్మిన తర్కశాస్త్రోపాధ్యాయునకు ఆ ప్రశ్న అర్థము కాలేదు. అమెరికానుండి ఫోనులో కుమారుడును అదే యడిగెను: “ప్రభుత్వము కొంత యిచ్చినచో మిగిలినది కంపెనీ యియ్యదా?” అతడు ఆ విధముగా తలచుటకు కారణము గలదు. ఆ దేశమున 1965లో ఏర్పడిన మెడికేర్ అను ప్రభుత్వరక్ష అఱువదియైదేండ్లు నిండినవారికి వర్తించును. అది డాక్టరు కర్చులలో సాధారణముగ నూటికి ఎనుబది మాత్రమే చెల్లించి తక్కిన యిరువదియు రోగిపై విడుచును, ఆ యిరువదికి పైమేర లేదు. ఆ వెలితిని పూడ్చుటకే ప్రైవేటు కంపెనీలు మెడిగ్యాప్ పాలసీ లమ్ముచున్నవి. బిల్లు మొదట ప్రభుత్వమునొద్దకు పోవును, మిగిలిన శేషము కంపెనీయొద్దకు పోవును. ఒకదాని భుజములపై వేఱొకటి నిలుచును. మఱియు ఆ పాలసీలు అక్షరముల పేర్లతో వర్గములుగ నిర్ణయింపబడినవి. ఒకే యక్షరము గల పాలసీ ఏ కంపెనీ అమ్మినను లాభములొక్కటే, ధరలో మాత్రమే భేదము. వృద్ధుడు వైద్యుల కర్చులకు సంబంధించిన భాగములో చేరిన మొదటి ఆఱు నెలలలో అతని రోగములను చూపి కంపెనీ నిరాకరింప రాదు. కొడుకుల వెంట పోయి ఆ దేశమున స్థిరపడిన మన ముసలివారికి మాత్రము, అయిదేండ్ల నివాసము నిండినగాని మెడికేర్ కొనుటకే అర్హత కలుగదు. వారి కథ వేఱు.

మనదేశమున అట్లు కాదు. ప్రభుత్వ పథకము క్రింద ఒక్కొక్క చికిత్సకు ఇంతయని ధర ముందే నిర్ణయమైయున్నది. పథకములో చేరిన ఆసుపత్రి ఆ ధరకు ఒప్పుకొని, రోగియొద్ద పై రూపాయి తీసికొనరాదు. కనుక కంపెనీ పూడ్చుటకు శేషమనునదే లేదు. ప్రైవేటు పాలసీ నష్టపరిహార న్యాయము ననుసరించును, అనగా అయిన కర్చు నిచ్చును గాని ఒకే బిల్లునకు రెండుమాఱులు ఇయ్యదు. కావున మనయందు రెండవ రక్ష మొదటిదానిపై కట్టిన మేడ కాదు, ప్రక్కన కట్టిన వేఱొక యిల్లు. ద్వారమునొద్దనే ఏ యింటికి పోవలెనో నిశ్చయించుకొనవలెను. సూపర్ టాపప్ అను పాలసీలు కొంతవఱకు మేడవంటివి. సంవత్సరములో కర్చు ఒక హద్దు దాటిన పిమ్మటనే అవి చెల్లించును గనుక ప్రీమియము తక్కువ. అయితే ఆ హద్దు లోపలి కర్చును ఎవరు భరించినచో లెక్కకు వచ్చునో కొనువారు ముందే కంపెనీచేత వ్రాయించుకొనుట మంచిది. అమ్మునపుడు నోటితో చెప్పిన మాట చెల్లించునపుడు వినబడదు.

మిత్రుల పాలసీ సంగతి ఆనాడే తేలెను. వారికి రక్తపుపోటు చిరకాలముగ నున్నది, ఆ మాట దాచక దరఖాస్తులో వ్రాసిరి. పూర్వమునుండి యున్న రోగములకు కంపెనీలు కొన్నియేండ్లు నిరీక్షణకాలము పెట్టును. 2024లో నియంత్రణసంస్థ ఆ గడువును నాలుగేండ్లనుండి మూడేండ్లకు తగ్గించినది గాని, మిత్రులకు ఆ మూడేండ్లును నిండలేదు. గుండెజబ్బు ఆ పోటువలన వచ్చినదా కాదా యని కంపెనీ కాగితములపై కాగితము లడుగుచుండెను. ప్రభుత్వపు కార్డునకు నిరీక్షణకాలము లేదు. ఆ కార్డుమీదనే చికిత్స జరిగెను. వేలకొలది రూపాయలు పోసి కొన్న గొళ్లెము పడలేదు. ఊరక వచ్చిన తాళము పడెను.

దీనినిబట్టి కంపెనీలు దుర్మార్గులనుట మా యభిప్రాయము కాదు. ఇందులో బీమా స్వభావమునకు సంబంధించిన చిక్కు ఒకటి గలదు. వేయి యిండ్లవారు తలకొక రూపాయి వేసికొని, కాలిన ఒక యింటివానికి ఆ వేయి రూపాయలు ఇచ్చుట బీమా. ఎవరి యిల్లు కాలునో తెలియకుండుటయే ఆ యొడంబడికకు ప్రాణము. ముదిమి యట్టిది కాదు. బ్రతికిన ప్రతివాని యింటికిని ఆ నిప్పు వచ్చితీఱును. వేయి యిండ్లును కాలునని తెలిసినచోట పంచుకొనుటకేమున్నది? వృద్ధులను వృద్ధులతోనే జతగూర్చి లెక్క వేసినచో ప్రీమియము ఆపదను పంచుకొనుట మాని, రాబోవు బిల్లును కంతులవారీగ ముందే చెల్లించుట యగును. అందుకే డెబ్బదియేండ్లవాని ప్రీమియము చూచి కొడుకులు కండ్లు తేలవేయుదురు. నియంత్రణసంస్థ 2024లో వయస్సు మీఱెనని పాలసీ నిరాకరించు పద్ధతిని తొలగించినది. 2025 జనవరిలో, వృద్ధుల ప్రీమియమును ఏడాదికి నూటికి పదికి మించి పెంచవలెనన్న తన్ను సంప్రదింపవలెనని కంపెనీలను ఆదేశించినది. 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తుల ఆరోగ్యబీమాపై నూటికి పదునెనిమిది చొప్పున నుండిన పన్ను తొలగెను. ఇవన్నియు మేలే. కాని వీనివలన ఆ వేయి యిండ్ల లెక్క మాఱదు. అది మాఱవలెనన్న పడుచువారి రూపాయి వృద్ధుల రూపాయితో కలియవలెను. పడుచువాడు తన యిష్టముచొప్పున కంపెనీ పాలసీని విడిచిపోవచ్చును, పన్నును విడిచిపోలేడు. వృద్ధుల వైద్యమునకు అడుగున సర్కారు రక్ష యుండితీఱవలెననుటకు దయాదాక్షిణ్యములకంటె ఈ లెక్కయే బలమైన కారణము. 1946లో భోరు సంఘమువారు, ధనము లేనికారణమున ఎవ్వనికిని వైద్యము దొరకకుండరాదని తమ నివేదికలో ఆశయముగ వ్రాసిరి. ఆ మాటకు పెద్దవారి విషయమున చట్టు ఏర్పడుటకు డెబ్బదియెనిమిదేండ్లు పట్టినది.

ఆసుపత్రిలో నాలుగవనాడు మిత్రులు మాతో మెల్లగ ఒక మాట అనిరి. “ఇది బీదవారి సొమ్ము కదా! కొడుకు అమెరికాలో నుండగా నేను తీసికొనవచ్చునా?” ఈ ప్రశ్ననే మేమింతకాలము మనస్సున త్రిప్పుచున్నాము.

తీసికొనవచ్చునని మా యభిప్రాయము. ఈ రక్ష ఆదాయమును చూడక ఇచ్చినది గనుక అందులో భిక్ష లేదు. దేశమున నాలుగున్నర కోట్ల కుటుంబములలో ఆఱు కోట్ల వృద్ధులకు ఇది చెందునని 2024 సెప్టెంబరులో మంత్రివర్గము చెప్పెను. న్యాయాధిపతియు కాఫీ కోయు కూలియు ఒకే వరుసలో నిలిచిన ఏర్పాటు చెడిపోయినప్పుడు న్యాయాధిపతియు కేకవేయును. కూలి యొక్కడే నిలిచిన వరుసలో కేకవేయువారు లేరు. బీదలకు మాత్రమే అని ఉద్దేశించినది బీదదిగనే యుండిపోవుట మనము బడులలో చూచుచునే యున్నాము. కాని ప్రతిపక్షవాదమును దాచుట ధర్మము కాదు. ఖజానా ఒక్కటే. ధనికుని స్టెంటునకు పోయిన రూపాయి గూడెమునకు బాట వేయుటకు రాదు. చికిత్సాలయములు పట్టణములలోనే దట్టముగ నున్నవి గనుక ఒకే కార్డు పట్టణవాసి చేతిలో అయిదు లక్షలు, కొండవాసి చేతిలో ఒక కాగితము. ఈ వాదమునకు మాయొద్ద పూర్ణమైన సమాధానము లేదు.

కుమారుని విషయమున కూడ మేము కొంత యాలోచించితిమి. తలిదండ్రుల పోషణ బిడ్డల విధియని మన శాస్త్రములే గాక 2007 నాటి చట్టమును చెప్పుచున్నది. ప్రీమియము కట్టిన కొడుకు ఆ విధిని నెఱవేర్చెనా? కొంత నెఱవేర్చెను, తక్కువ చేయరాదు. అయితే ఆ రాత్రి తండ్రిని కారులో పడుకొనబెట్టి అరచేతులు రుద్దినది ఇల్లాలు, ఘాటు దింపినది నెలజీతపు డ్రైవరు. ఇంటికి వచ్చిన పిదప ప్రభుత్వ పథకము మందులిచ్చునది పదునైదు దినములే. ఆ పిమ్మట జీవితాంతము మ్రింగవలసిన మాత్రలు, నెలనెల పరీక్షలు, తోడు పోయినవారి కూలి, బండి కిరాయి—ఇవి మిత్రుల పాలసీలోను లేవు. వృద్ధులకు ముఖ్యముగ కావలసినవి ఇవియే. ఈ విషయము తెలిసిన పిమ్మట కుమారుడు సూపర్ టాపప్ ఆలోచన మాని, తలిదండ్రుల పేర బ్యాంకులో మందుల కర్చుకని కొంత సొమ్ము వేసి, ప్రక్కవీధి మేనల్లునకు వారిని నెలకొకమాఱు డాక్టరునొద్దకు కొనిపోవు పని యొప్పగించెను. పాలసీని మాత్రము విడువలేదు. నిరీక్షణకాలము నిండవచ్చుచుండగా విడుచుట తెలివి కాదని మేమును చెప్పితిమి.

ఇక ఆ గూడెపు ముసలివాని సంగతి. అతనికి ఆరోగ్యశ్రీ కార్డు ఉండెను. కాని రెండు రక్షలును ఆసుపత్రి గడప దాటిన పిమ్మటనే కండ్లు తెఱచును. బిల్లు పుట్టినచో కదలును. బిల్లు పుట్టనిచో రోగమే పుట్టలేదని వాని లెక్క. దుప్పటిని కఱ్ఱకు కట్టి, నలుగురు మనుష్యులు వంతులవారీగ భుజము మార్చుకొనుచు మూడు కిలోమీటర్లు మోసిన మోతకు ఏ పుస్తకములోను పద్దు లేదు. దారిలో చనిపోయినవాని పేర ఏ పథకమును ఒక్క రూపాయి కర్చు వ్రాయలేదు. ప్రభుత్వమునకు అతడు మిక్కిలి చవుకైన పౌరుడు! 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ మేర ఇరువదియైదు లక్షలకు పెరిగినపుడు ఆ గూడెమున దాని విలువ పెరిగినదా? మా మిత్రులకు ప్రాణదానము చేసినది కార్డును కాదు, పాలసీయు కాదు. మొదట కారు, దాని క్రింది తారురోడ్డు. అవి లేనిచోట ఒకదానిపై ఒకటిగ ఎన్ని రక్షలు పేర్చినను ఆకసమున కట్టిన మేడలే. పాడేరున వైద్యకళాశాల వచ్చినది, చింతపల్లిలో ఆసుపత్రి యున్నది. బాటలును కొన్ని పడుచున్నవి. పడని చోట్ల నేటికిని డోలీయే రెండవ రక్ష, ఒక్కొక్కచో మొదటిదియు అదియే.

ఇందులో మావంటివారి తప్పు కొంత గలదు. రెండు కాగితములు చేతనున్నవాడు మూడవదాని మాట యెత్తడు. మిత్రులును మేమును ఎన్నిమాఱులు అధికారులకు ఉత్తరములు వ్రాసితిమో లెక్కించుకొంటిమి. ప్రీమియము రసీదు ఆలస్యమైనదని మూడు, పన్ను మినహాయింపు గూర్చి రెండు. కొండబాట గూర్చి ఒక్కటియు లేదు.

మిత్రులు కోలుకొన్న పిమ్మట మేము చేసిన పని చిన్నది. ఆ వృద్ధురాలి వయస్సు దిద్దించుటకు ఒక దరఖాస్తు వ్రాసి, టీ దుకాణదారుని ద్వారా ఆమె కొడుకునకు పంపితిమి. తల్లికిని కొడుకునకును పదునొకండేండ్ల భేదము అసంభవమని అందులో తర్కశాస్త్రానుసారముగ మిత్రులే నిరూపించిరి. కొడుకు దానిని పట్టుకొని సచివాలయమునకు పోయెను. జన్మపత్రము తెమ్మనిరి. లేదనగా బడి సర్టిఫికెట్టు తెమ్మనిరి. ఆమె బడి యెఱుగదు. చింతపల్లికి పోయి వేఱొక అధికారిని కలియుమని చెప్పిరట. కాఫీ కోత జరుగుచుండగా కూలి పోగొట్టుకొని పోలేననియు, కోత కాగానే పోవుదుననియు కొడుకు దుకాణదారునితో చెప్పి పంపెను. దరఖాస్తు అతని యింటిలో, తల్లి కార్డుతోపాటు ఆ పాలిథీను సంచిలోనే యున్నది.